తెప్పలుగనా, దెప్పలుగనా? (సర్వర్ ముందు కూర్చుంటే వచ్చిన సందేహం)

బ్రాడీపేట నెట్‌వర్కు:
సోమవారం పొద్దున్నే ఒక ఆడిటర్ గారి ఆఫీసు నుంచి ఫోన్. కొత్తగా కొన్న 12 సిస్టమ్స్‌లో ఒక్కదానికీ సర్వర్ కనపడట్లేదు, రిటర్నుల గడువు దగ్గరపడింది, అందరికీ టెన్షన్. వెళ్ళి, నెట్‌వర్కులో సిస్టమ్ నంబరు (ఐపీ అడ్రస్) చూపించే ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొడితే 169.254తో మొదలయ్యే అడ్రస్. అంటే అడ్రసులు పంచిపెట్టే డీహెచ్‌సీపీ నుంచి ఏమీ రాలేదు, సిస్టమ్ తనకు తానే ఏదో నంబర్ తగిలించుకుంది. కేబుళ్ళు మార్చాను, స్విచ్ ఆపి వేశాను, గంట వృథా. తీరా సర్వర్ తెరిస్తే లీజుకివ్వడానికి (అంటే గడువు పెట్టి ఇవ్వడానికి) అడ్రసులే లేవు! 51 నుంచి 200 దాకా 150 పెట్టి ఉన్నాయి. పాత సిస్టమ్స్ 50. మిగతా వంద ఎవరు తిన్నారా అని లిస్టు చూస్తే అన్నీ ఫోన్లే. పోయిన నెల నెట్ స్పీడ్ పెంచారట, వైఫై పాస్‌వర్డ్ కింద టీ బంకు దాకా పాకింది.

ఆ లిస్టు చూస్తుంటే చిన్నప్పటి కందం నోట్లోకొచ్చింది. "...ప్పలుగ చెరువు నిండిన గప్పలు పదివేలు చేరు గదరా సుమతీ". ముందక్షరం దగ్గర ఆగిపోయాను. మా అయ్యవారు 'దెప్పలుగ' అనే వల్లె వేయించారు. దెప్పిపొడవడానికీ దీనికీ ఏమన్నా చుట్టరికం ఉందా?

తెనాలి పంతులు:
ఏమీ లేదు బాబూ. పై పాదం చివర 'యెట్లన్నన్' ఉంది, తకారం దకారమైంది. విడదీస్తే తెప్పలే. ఈపాటి దానికి చర్చ ఎందుకు?

కృష్ణలంక:
మాస్టారూ, అంత తొందరగా కొట్టేయకండి. రెండు రకాలుగానూ అచ్చేశారు. మూడో పాదానికి యతి లేదు, ప్రాస చూస్తే 'ప్ప' మీద ఉంది. కాబట్టి త అయినా ద అయినా ఛందస్సు నోరు మెదపదు. ఇక అర్థమంటారా, తెప్ప అంటే తెప్పే. తెప్పలు తిరిగేంత నీరు. దసరాకి దుర్గాఘాట్ దగ్గర తెప్పోత్సవం చూసిన బెజవాడవాడికి ఇది ఒకరు చెప్పక్కర్లేదు.

తెనాలి పంతులు:
కృష్ణకి వరద ఎక్కువైన ఏడు ఆ హంసవాహనాన్ని కదలనివ్వలేదు, ఒడ్డునే ఉంచి పూజ చేశారు. మరి నీళ్ళు నిండితే తెప్ప తిరిగిందా, ఆగిందా? 'కుప్పలు తెప్పలు' అంటాం, అందులో పడవలున్నాయా? తెప్పలుగ అంటే సమృద్ధిగా.

కృష్ణలంక:
కుప్పకి తోడుగా వచ్చిన తెప్పని తీసుకొచ్చి బద్దెన నెత్తిన పెడతారా!

మిర్చియార్డు:
పద్యం సంగతి నాకు తెలీదు గానీ, లీజుకి మనవైపు మంచి మాట ఉంది కదా, కౌలు. ఎన్నాళ్ళ కౌలుకిచ్చావు తమ్ముడూ?

బ్రాడీపేట నెట్‌వర్కు:
8 రోజులన్నా. విండోస్ సర్వర్‌లో మనం మార్చకపోతే అంతే ఉంటుంది. సగం గడువవగానే సిస్టమే పొడిగించమని అడుగుతుంది, అది బాగానే ఉంది. టీ తాగడానికొచ్చి పది నిమిషాలు కూర్చున్నవాడి ఫోన్ పేరు మీద కూడా 8 రోజులు అట్టే ఉండిపోతుంది.

మిర్చియార్డు:
కౌలురైతు నయం. పంట ఇంటికి రాగానే పొలం వదిలేస్తాడు.

బ్రాడీపేట నెట్‌వర్కు:
ఇంకోటి. పంచడానికి పెట్టుకున్న అడ్రసులన్నిటినీ కలిపి పూల్ అంటాం. "పూల్ నిండిపోయింది సార్" అని నేనంటే, అక్కడి మేనేజరు గారు "ఎండిపోయిందనండి" అన్నారు. ఏది సరి?

పటమట అక్క:
ఎండిందనడమే సరి. అడ్రసులు నీళ్ళనుకుంటే, కప్పలొచ్చేకొద్దీ నీ చెరువు ఇంకిపోయింది. బద్దెన కప్పలు నీళ్ళు తాగేసే రకం కాదు. నీ పద్యం అతకలేదు తమ్ముడూ. పైగా ఆ పూల్ అసలు నీళ్ళ పూల్ కాదు, పందెంలో తలా ఇంత వేసిన ఉమ్మడి సొమ్ము. ఫ్రెంచివాళ్ళ పెట్టకోడి మాట నుంచి వచ్చిందంటారు. సంక్రాంతి బరి దగ్గర నిలబడ్డవాళ్ళకి విడమరిచి చెప్పాలా? నీక్కావలసింది 'కమలములు నీట బాసిన'. 169.254 అంటే అదే, "తమ తమ నెలవులు దప్పిన". ఐపీ అడ్రస్‌ని 'నెలవు' అందామని ఎప్పట్నించో మొత్తుకుంటున్నా, వినేవాళ్ళేరీ?

తెనాలి పంతులు:
అమ్మాయి తెచ్చిన పద్యమే నాకు సాక్ష్యం. అక్కడ 'భంగిన్' తర్వాత "దమ దమ నెలవులు" అని కూడా అచ్చేస్తారు. దమ అనే మాట కోసం ఎవరన్నా నిఘంటువు తిరగేస్తారా? నెలవు మాత్రం బాగుంది. అయితే కమలాన్ని కమల్చింది సూర్యుడు. మన సిస్టమ్‌ని కాల్చిందెవరు?

పటమట అక్క:
రిటర్నుల గడువు.

కృష్ణలంక:
రూపం వరకూ ఒప్పుకున్నా మాస్టారూ. అర్థం ఒప్పుకోను.

వినుకొండ:
కప్పలూ కమలాలూ ఎందుకండీ, కబురు మోసే గబ్బిలం ఉండగా? తను అడుగుపెట్టలేని గుడిలోకి గబ్బిలం చేత కబురంపించాడు జాషువా. నెట్‌వర్కుకి కాపలా కాసే ఫైర్‌వాల్ దాటిన మొదటి ప్యాకెట్ అదే. 1895లో మా ఊళ్ళో పుట్టాడని ఊరికే చెప్పుకోం.

పటమట అక్క:
అక్కడ అడ్డుపడ్డది ఫైర్‌వాల్ కాదు, అంటరానితనం. ఆ పోలిక వద్దు.

వినుకొండ:
నిజమే అక్కా. నోరు జారింది.

కృష్ణలంక:
నా తెప్ప ఇంకా నీళ్ళలోనే ఉంది. కందం చెప్పినవాడు కవి అన్నారు. అలాంటి కందంలో బద్దెన ఊకమాట వేస్తాడా?

తెనాలి పంతులు:
పందిని పొడిచినవాడు బంటు అని దానికి రెండో సగం ఉంది. ముందు అది చూడండి.

బ్రాడీపేట నెట్‌వర్కు:
మీరు మీరు తేల్చుకోండి. నేను ఫోన్లకి వేరే వీల్యాన్ (అదే స్విచ్‌లో విడి నెట్‌వర్కు), వేరే స్కోపు (పంచే అడ్రసుల వరస) పెట్టేశా, కౌలు 4 గంటలు. పాత ఫోన్ల లీజులు తీసేస్తే, కొత్త 12 సిస్టమ్స్‌కీ ఇచ్చాక ఇంకా 88 మిగిలాయి. పాస్‌వర్డ్ కూడా మార్చేశాం. మేనేజరు గారు "ఇప్పుడనండి నిండిందని" అన్నారు. ఇంతకీ రేపు మా పాపకి పద్యం నేర్పాలి. త అనమంటారా, ద అనమంటారా?

మిర్చియార్డు:
కొత్త పాస్‌వర్డ్ ఏంటి తమ్ముడూ?