తుమ్మ కట్టె చీల్చి చితుకులు చేసుకోవాలా, కొబ్బరి పీచు చాలదా?

మేడమీది పొయ్యి, కాప్రా:
ఆదివారాలు మేడ మీద కట్టెల పొయ్యి పెట్టి నాటుకోడి వండుతాం. అడితి నుంచి వచ్చే తుమ్మ కట్టెలు మోచేయంత లావు. అంటించేసరికే అందరికీ ఆకలి చచ్చిపోతోంది. కట్టె చీల్చి చితుకులు చేసుకోమంటారు నాన్న. అంత కష్టం అవసరమా?

బోరబండ బావ:
అక్కర్లేదన్నా. కొబ్బరి పీచు, రెండు కర్పూరం బిళ్లలు. అయిపోయింది.

మేస్త్రి కొడుకు, నాచారం:
పీచు భగ్గుమంటుంది, వెంటనే బూడిదవుతుంది. ఆలోపు లావు కట్టె పైపైన నల్లబడుతుంది, అంతే. కట్టె వేడెక్కి వాయువు వదిలితేనే కదా మంట పుట్టేది! లావు కట్టె ఆ వేడిని లోపలికి లాగేసుకుంటుంది, సన్న పేడు చప్పున వేడెక్కుతుంది. అందుకే ముందు అగ్గిపుల్లంత, తర్వాత వేలంత, ఆ తర్వాతే అసలు కట్టె.

మా నాన్న పెళ్లిళ్లకు వంట మేస్త్రి. గొడ్డలి ఎత్తి కొట్టనిచ్చేవారు కాదు. కట్టెను మొద్దు మీద నిలబెట్టి, కొన మీద ఎండి విచ్చిన నెర్రె ఎక్కడుందో చూసి అక్కడ బొండాల కత్తి ఆనించాలి. ఇంకో కట్టెతో కత్తి వెన్ను మీద కొడుతూ పోతే నెర్రె వెంటే చీలుతుంది. సుత్తితో కొడితే కత్తి పాడవుతుంది. కత్తి దిగాక కట్టెను పట్టుకున్న చేయి తీసేయాలి. కణుపున్న ముక్క జోలికి పోవద్దు. తుమ్మ చెక్కలో నార మెలి తిరిగి ఉంటుంది, దాంతో కుస్తీ దండగ. చితుకుల కోసం సుబాబుల్ ఒక మోపు అడగండి, తుమ్మను నిప్పుల కోసం ఉంచుకోండి.

బోరబండ బావ:
హలీం బట్టీల వాళ్లు చితుకులు కొడుతూ కూర్చుంటారా?

మేస్త్రి కొడుకు, నాచారం:
వాళ్లది ఒక్కసారి అంటిస్తే గంటల తరబడి మండే బట్టీ బావా. నాటుకోడికి అంత ఓపిక ఎవరికుంది?

గోదాం పక్కిల్లు, రాణిగంజ్:
కొట్టుడెందుకు, ప్యాకింగ్ చెక్క తెచ్చుకోండి. మెత్తగా చీలుతుంది.

సైనిక్‌పురి అక్క:
విదేశీ సరుకుతో వచ్చిన చెక్కయితే దాని మీది ముద్ర చూడు తమ్ముడూ. 'హెచ్‌టీ' అంటే వేడితో శుద్ధి చేసింది. 'ఎంబీ' అంటే మిథైల్ బ్రోమైడ్ పట్టించింది, అది పొయ్యిలోకి వద్దు. రంగు వేసిన చెక్క, జిగురుతో అతికించిన ప్లైవుడ్ కూడా అంతే. కూర కింద ఆ పొగ ఎందుకు?

ఇంకో మాట. వానాకాలంలో కట్టె పైన తడిసినా, ముందు బాగా ఎండినదైతే లోపలి చెక్క పొడిగానే ఉంటుంది. చీలిస్తేనే అది చేతికొస్తుంది. ఈ పని పీచు చేయలేదు.

కొత్త సభ్యుడు:
ఇంత చర్చా! కాస్త కిరోసిన్ పోస్తే సరి.

సైనిక్‌పురి అక్క:
ఆరిందనుకున్న నిప్పుల మీద పోస్తే మంట చేతి దాకా వస్తుంది బాబూ. వద్దు.

మేడమీది పొయ్యి, కాప్రా:
సుబాబుల్ మోపు చెప్పాను. నాన్న అప్పుడే కత్తికి సాన పట్టిస్తున్నారు. పేళ్ల కింద పీచు పెట్టి అంటిస్తా.

బోరబండ బావ:
చూశారా, చివరికి పీచే!

మేస్త్రి కొడుకు, నాచారం:
పేళ్ల కింద, బావా. పేళ్ల కింద.