ఎవరికీ చెప్పనని పిల్లకు మాట ఇచ్చాను, ఇప్పుడు బడికి వెళ్లి అడగాలా?

తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి:
రెండు నెలలుగా మా అమ్మాయి అన్నం డబ్బా సగం అలాగే వెనక్కి తెస్తోంది. మొన్న తలకు నూనె రాస్తుంటే నోరు విప్పింది. తరగతి పిల్లల వాట్సాప్ గ్రూపులో తన ఫోటోలు పెట్టి నవ్వుకుంటున్నారట. "బడికి వచ్చి అడిగావంటే ఇంకెప్పుడూ నీకేమీ చెప్పను" అని ఒట్టు వేయించుకుంది. మావారు రేపే వెళ్లి నిలదీస్తానంటున్నారు. వెళ్లాలా, మాట నిలబెట్టుకోవాలా?

రిటైరైన ఉపాధ్యాయుడు:
వెళ్లాల్సిందేనమ్మా. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. అడిగే దిక్కు లేదనుకున్న పిల్లల జోలికే మళ్లీ మళ్లీ వెళతారు. నార్వేలో ముగ్గురు బాలురు ప్రాణాలు తీసుకున్నాక 1983లో దేశమంతటా బడుల్లో ఏడిపింపుల మీద కార్యక్రమం మొదలైంది. అక్కడి మనస్తత్వ శాస్త్రవేత్త డాన్ ఓల్వేయస్ రూపొందించిన పద్ధతి బాధ్యతను బడిలోని పెద్దల మీదే పెట్టింది.

ఇద్దరు పిల్లల తండ్రి:
మాస్టారూ, బడి బాధ్యతను కాదనను. కానీ ఒట్టు తప్పి వెళితే ఆ పిల్ల మళ్లీ అమ్మతో మాట్లాడదు. మా ఇంటి సంగతి చెబుతాను. మా అబ్బాయిని వాళ్ల మేనమామ ముద్దుగా "కాకి" అనేవాడు. మేమూ నవ్వేవాళ్లం. ఎనిమిదో తరగతిలో అదే పేరు వాడి నోటుపుస్తకాల అట్టల మీద ఎవరెవరి చేతిరాతలోనో ఎక్కింది. ఆ అట్టలు చించి పరుపు కింద దాచుకున్నాడు. పక్క దులుపుతుంటే పదకొండు దొరికాయి. ఇంట్లో ఎలా చెప్పుకుంటాడు? ఆ పేరు పెట్టింది మేమే కదా!

2014లో ఫ్రాంక్ ఎల్గర్ అనే పరిశోధకుడి బృందం అమెరికాలో 12 నుంచి 18 ఏళ్ల విద్యార్థులు 18,834 మంది జవాబులను పరిశీలించింది. ఆన్‌లైన్‌లో వేధింపులు పడ్డవారిలో, తరచూ ఇంటిల్లిపాదితో కలిసి రాత్రి భోజనం చేసేవారికి మానసిక బాధలు తక్కువగా కనిపించాయి. ముందు ఇల్లు చక్కబడాలండీ.

రిటైరైన ఉపాధ్యాయుడు:
కలిసి తినడమే మందని ఆ లెక్క తేల్చదు బాబూ. సఖ్యత ఉన్న ఇంట్లోనే కలిసి తింటారు కదా. అయినా ఆ అట్టల సంగతి చదివాక మనసు కలుక్కుమంది. సరేనమ్మా, ఒట్టు తప్పవద్దు, పాపనే ఒప్పించండి. వారం మాత్రం దాటనివ్వకండి. గ్రూపులో పెట్టినవి చెరిపేయకముందే స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి. బతకాలని లేదన్న మాట వస్తే ఒంటరిగా వదలకండి, వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేసి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.

తొమ్మిదో తరగతి అమ్మాయి తల్లి:
మావారిని ఆపాను. రాత్రి ముగ్గురం వంటింట్లోనే కూర్చుని తిన్నాం. చాలాసేపటికి "హెడ్మాస్టరు వద్దు, లెక్కల టీచరుకైతే నేనే చెబుతాను, నువ్వు పక్కన ఉండు" అంది. సోమవారం వెళ్తున్నాం. డబ్బాలో ఈరోజూ సగం అన్నం మిగిలే ఉంది.