సమస్య: బామ్మ గొంతులోన బాలుఁ డాడె

నిర్వాహకుడు:
ఈ వారం ఆటవెలది. నాలుగో పాదం ఇస్తున్నాను.

బామ్మ గొంతులోన బాలుఁ డాడె

బామ్మకు మనవడి దయ్యం పూనిందని పూరిస్తే మార్కులు లేవు. అందుకే విషయం కూడా నేనే ఇస్తున్నా. ఫ్రాన్సులో యానిమేషన్ డబ్బింగ్ చెప్పే బ్రిజిత్ లెకోర్దియే గారు. పుట్టింది 1961లో. 1988లో టీఎఫ్ 1 చానెల్‌లో, పిల్లల కార్యక్రమం క్లబ్ డొరొతేలో జపాన్ వారి డ్రాగన్ బాల్ మొదలైంది. తోక ఉన్న చిన్నారి గోకుకి ఫ్రెంచిలో గొంతు ఆవిడదే. తర్వాత గోకుకి కొడుకులు పుట్టారు. చిన్నప్పటి గోహాన్‌కీ, గోతెన్‌కీ కూడా ఆవిడే చెప్పారు. తండ్రికీ కొడుకులకీ ఒకే గొంతన్నమాట! మనం నాడీ అని చూసిన బొమ్మ అక్కడ వీవీ. అదీ ఆవిడ గొంతే.

గోదారి గట్టు:
తెరను తోక యున్న చిరుబాలుఁ డరవంగ
మైకు ముందు నిలిచి మాటఁ గలిపి
అరువదేండ్లు దాటి యా బ్రిజిత్ పలుకంగ
బామ్మ గొంతులోన బాలుఁ డాడె

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
శుభారంభం. మొదటి పాదంలో తెర, చిరు అని రెండో అక్షరాలు కలిపి ప్రాసయతి వేశారు, సరిపోయింది. ‘ఆడె’ని ఆడుకోవడానికీ మాటలాడడానికీ రెండింటికీ వాడుకోవచ్చు, మీరు మాటలకే ఆపేశారు. ఒక సందేహం. గోకు పెద్దవాడైపోయాడు కదా, అరవై దాటాక ఆవిడ చిన్న గోకుగా ఎక్కడ అరిచారు?

గోదారి గట్టు:
గురువుగారూ, 2024లో మొదలైన కొత్త సిరీస్ డ్రాగన్ బాల్ డైమాలో గోకు మళ్లీ పిల్లాడైపోతాడు. ఫ్రెంచిలో మళ్లీ ఆవిడనే పిలిచారు. ఆ లెక్కతోనే రాశాను.

మాస్టారు:
అయితే నా అభ్యంతరం వెనక్కి.

కొత్తగా చేరాను:
నమస్కారం అందరికీ, ఇదే మొదటి పూరణ. తప్పులుంటే తిట్టకండి, టెన్షన్‌గా ఉంది.

ఒక్క గొంతె యచట, రెండాయె ఫ్రాన్సులో
పెద్ద కొకఁడు గొంతు పిన్న కొకతె
గొంతు మారు నీడు గోకున కేదిరా
బామ్మ గొంతులోన బాలుఁ డాడె

జపాన్‌లో గోకు పిల్లాడైనా పెద్దాడైనా మసాకో నొజావా గారి ఒక్క గొంతే. ఆవిడ 1936లో పుట్టారు, అసలు బామ్మ ఆవిడే! ఫ్రాన్సులో మాత్రం గోకు పెద్దయ్యాక పాట్రిక్ బోర్గ్ గారికి ఇచ్చారు. అదే చెప్పాలనుకున్నా.

మాస్టారు:
తిట్టడమెందుకు నాయనా, మూడో పాదం చూసి ముచ్చటేసింది. నిజం పిల్లవాడితో చెప్పిస్తే నాలుగేళ్లలో గొంతు పగిలిపోతుంది. ఆడవాళ్లతో చెప్పిస్తే ఆ బాధ లేదు. మన డబ్బింగ్‌లోనూ చేసేది అదే. ఆ కారణాన్ని పద్యంలో చెప్పకుండానే చెప్పావు. కానీ మొదటి పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు, పోయింది. ‘ఒ’కి ‘రెం’ ఎలా కుదురుతుంది? ఆలోచించి మార్చు, నేను చెప్పను.

లియోన్ కోడలు:
మాస్టారూ, పద్యం పెట్టే ముందు ఒక మాట. ఇక్కడ ఫ్రాన్సులో డబ్బింగ్ స్టూడియో పద్ధతి తెలిస్తే మీకు నచ్చుతుంది. తెర కింద ఒక పట్టీ కదులుతూ ఉంటుంది, బాండ్ రిత్మో అంటారు. ఒకప్పుడు ఫిల్మ్ పట్టీ మీద చేత్తో రాసేవారు, ఇప్పుడు కంప్యూటర్‌లో. పాత్ర మాట్లాడే సేపెంతో పట్టీ మీద మాట అంత పొడుగు. లాగి పలికితే అక్షరాలు సాగుతాయి, గబగబా అంటే ఇరుకుతాయి. నటి నిలబడి, ఎదుట ఉన్న అడ్డకమ్మీని పట్టుకుని, గీత దగ్గరికి మాట రాగానే అనేయాలి. అంతకు ముందే ఒకరు కూర్చుని బొమ్మ పెదవులు ఎక్కడ మూసుకున్నాయో గుర్తులు పెడతారు. ఆ చోట బ, ప, మ వచ్చేలా చూసుకుని ఇంకొకరు ఫ్రెంచి మాటలు రాస్తారు.

పట్టి పైన మాట పరుగెత్తుచుండంగ
పెదవి కలియుచోట పెదవి కలిపి
నాల్గు పదుల యేండ్లు నవ్వులే పూయింప
బామ్మ గొంతులోన బాలుఁ డాడె

మాస్టారు:
అమ్మా, రెండో పాదం రెండుసార్లు చదువుకున్నాను. అవధానంలో నిరోష్ఠ్యం అడిగితే మనవాళ్లు పెదవి తగలకుండా పద్యం చెబుతారు. వీళ్లది అందుకు తిరగేసిన పని, పెదవి తగలాల్సిన చోట తగిలించి తీరాలి! యతిస్థానం ముందే ఖాయమై ఉంటుంది, అర్థం దానికి ఒదగాలి. సమస్య ఇచ్చినవాడు చివరి పాదం బిగించేసి మనల్ని పూరించమన్నట్టే ఉంది. సమస్యలో ‘బామ్మ’ అన్న ఒక్క మాటకే పెదవులు రెండుసార్లు మూతపడతాయి, గమనించారా?

ఇక తప్పు. 1988కి నలభై కలిపితే 2028. ఇంకా రాలేదు. ‘మూడు పదులు దాటి ముచ్చట తీరక’ అంటే లెక్కా నిలుస్తుంది, యతీ నిలుస్తుంది.

లియోన్ కోడలు:
మార్చుకుంటాను మాస్టారూ. మా ఇంట్లోనూ లెక్కల్లో నేను వెనకే.

పాత క్యాసెట్:
యంత్ర మొకటి వచ్చి యామె గొంతుక దోఁచె
ఊపిరేది దాని కురుకు టేది
బుధదినమున నిల్లు పులకింప మున్నెల్ల
బామ్మ గొంతులోన బాలుఁ డాడె

ఏఐతో గొంతులు అచ్చుదించేస్తున్నారని అక్కడి డబ్బింగ్ వాళ్లు ‘తుష్ పా మా వీఎఫ్’ అని ఉద్యమం పెట్టారు. మా ఫ్రెంచి డబ్బింగ్ జోలికి రాకండి అని. అది చదివి రాసింది.

గోదారి గట్టు:
బుధవారం ఎందుకొచ్చింది అన్నా? మధ్యలో జాతకమా?

పాత క్యాసెట్:
కాదు తమ్ముడూ. అప్పట్లో అక్కడ చిన్నపిల్లలకు బుధవారం బడి ఉండేది కాదు. పొద్దున్నే టీవీ ముందు కూర్చునేవారు.

మాస్టారు:
రెండో పాదం ఈ దారానికే మకుటం. ‘దానికి ఉరుకుట ఏది’ అనడంలో గోకు గంతు, ఊపిరి తీసి అరిచే అరుపు రెండూ వినబడ్డాయి. అయితే ‘మున్నెల్ల’ కుదరదు. ఆ బుధవారాల్లో ఆవిడకి ఇరవయ్యారు, ఇరవయ్యేడు. బామ్మ ఎక్కడిది?

పాత క్యాసెట్:
పిల్లల కళ్లకు ఇరవయ్యేడేళ్లవాళ్లు ముసలివాళ్లే కదండీ!

మాస్టారు:
వాదన బాగుంది, పద్యానికి సాయపడదు. ‘పులకింప నేఁడును’ అనండి. గణం సరిపోతుంది, వయసూ సరిపోతుంది. కాకపోతే ఇప్పుడు బుధవారం అర్థమేమిటని మళ్లీ వీడే అడుగుతాడు.

నిర్వాహకుడు:
ఒక్కటి నాకు లోటుగా అనిపించింది. వీవీ బొమ్మను ఎవరూ ముట్టుకోలేదు. అందరూ గోకు వెంటే పడ్డారు. పాపం, నీలం టోపీవాడు.

కొత్తగా చేరాను:
మాస్టారూ, రాత్రంతా కూర్చుని మార్చాను. చూడండి.

ఒక్క గొంతె యచట, నొకరు చాల రిచట

మాస్టారు:
అచటన్, ఒకరు. ‘ఒ’కి ‘ఒ’. పెదవి సరిగ్గా కలిసింది నాయనా. ముందుదానికన్నా అర్థం కూడా మెరుగైంది.

కొత్తగా చేరాను:
థాంక్స్ మాస్టారూ. అరసున్నలు పెట్టకపోతే మార్కులు పోతాయా?

మాస్టారు:
పోవు. కానీ పెట్టు.