ఆస్వాల్డ్ ఎక్కిన బస్సు: సాక్షిని నమ్మాలా, టికెట్టునా?

ప్రశ్న (రాజోలు నుంచి):
1963 నవంబర్ 22, డల్లాస్. అమెరికా అధ్యక్షుడు కెనెడీ మీద కాల్పులు మధ్యాహ్నం 12:30కి. తర్వాత, ఆ కాల్పులు జరిపాడంటూ పట్టుబడ్డ ఆస్వాల్డ్ బస్సెక్కి, ట్రాఫిక్‌లో ఇరుక్కుని, దిగి టాక్సీ పట్టాడంటారు. కానీ టాక్సీ డ్రైవర్ వేలీ చిట్టాలో అతను ఎక్కింది 12:30కే అని ఉంది! ఇతన్నెలా నమ్మేది?

జవాబు (రిటైర్డ్ కండక్టర్, అమలాపురం):
బాబూ, వేలీ పావుగంటల లెక్కన రాసేవాడు. పండగ రద్దీలో నేనూ రావులపాలెంలో మూయాల్సిన ఎస్సార్ (స్టేజీల వారీగా టికెట్ల లెక్క రాసే కాగితం) కొత్తపేట దాటాక మూసినవాణ్ణే. టైము తప్పితే మనిషి తప్పినట్టు కాదు.

నాకు గట్టిగా కనిపించేది టికెట్టు. ఆస్వాల్డ్ చొక్కా జేబులో ట్రాన్స్‌ఫర్ టికెట్ (దిగి ఇంకో బస్సెక్కడానికి ఇచ్చేది) దొరికింది. దాని మీది చిల్లు తన పంచ్‌దేనని బస్సు డ్రైవర్ మెక్‌వాటర్స్ చెప్పాడు. మనిషిని మాత్రం గట్టిగా గుర్తుపట్టలేకపోయాడు. నాకది వింతేం కాదు. రోజుకి వందల మొహాలు, ఏది గుర్తుంటుంది? నా చిల్లయితే ఇప్పటికీ పోలుస్తాను.

జవాబు (కాకినాడ):
బస్సులో చూశానన్న బ్లెడ్సో అతని పాత ఇంటి ఓనరమ్మ. ఆవిడకి అతనంటే పడదు కదండీ?

కండక్టర్:
పడదు, నిజమే. కానీ పడనివాడి మొహమే ముందు గుర్తొస్తుందమ్మా. చిల్లర బాకీ పెట్టి దిగిపోయిన ఒకణ్ణి పదేళ్లకి ముక్తేశ్వరం రేవులో పంటు మీద పట్టుకున్నాను.