అప్‌డేట్: కామిక్స్ కంపెనీ మూతపడితే పాత్రల హక్కులు ఎవరివి?

మా చెల్లి గీసిన కామిక్స్ పాత్రల గురించి ఇక్కడ అడిగాను. పబ్లిషర్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, పాత్రలు కూడా ఆస్తుల్లో కలిసిపోతాయేమో అని మాకు టెన్షన్. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. విషయం తేలింది.

పనికొచ్చింది "ముందు ఒప్పందం చదివించండి" అన్న సలహానే. హన్మకొండలో ఒక లాయర్ గారికి చూపించాం. హక్కుల బదిలీ రాసి ఉంది గానీ ఎన్నేళ్లకో రాయలేదు. కాపీరైట్ చట్టం, 1957లోని సెక్షన్ 19(5) ప్రకారం, గడువు రాయకపోతే బదిలీ 5 ఏళ్లకే. ఆ 5 ఏళ్లు ఎప్పుడో దాటాయి, కాబట్టి హక్కులు చెల్లివే. దివాలా ప్రక్రియను నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు రాతపూర్వకంగా తెలియజేశాం, ఆస్తుల జాబితాలోంచి ఆ పాత్రలు తీసేశారు.

ఎంసీఏ (కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ) సైట్‌లో కంపెనీ బ్యాలెన్స్ షీట్లు, ఛార్జీలు (ఆస్తుల మీద నమోదైన తాకట్టులు) చూడమన్నవారి మాటా నిజమే. బ్యాంకు అప్పుకు ఆస్తులన్నీ తాకట్టులో ఉన్నాయని అక్కడే తెలిసింది. కానీ కంపెనీకి లేని హక్కు ఆ తాకట్టులోకి రాదట. ట్రేడ్‌మార్క్ మీద ఇక్కడ జరిగిన చర్చ మా కేసులో అక్కర్లేకపోయింది, కంపెనీ అసలు రిజిస్టర్ చేయించలేదు. చెల్లి ఉద్యోగి కాదు, ఫ్రీలాన్సర్. జీతం మీద గీసినవాళ్లకు లెక్క వేరుగా ఉంటుంది, అది మాత్రం గమనించండి.

బాకీ పారితోషికానికి ఫారం-బి (సరుకులు, సేవలు ఇచ్చి డబ్బు రావాల్సినవాళ్లు నింపే ఫారం)లో క్లెయిమ్ వేశాం. తాకట్టు ఉన్న బ్యాంకు తర్వాతే మన వంతు, అందుకే ఆ డబ్బు మీద పెద్దగా ఆశ లేదు. మాకు కావాల్సింది పాత్రలే. మార్వెల్ కూడా 1996లో దివాలా రక్షణ కోరింది, 2009లో డిస్నీ దాదాపు 400 కోట్ల డాలర్లకు కొన్నది ప్రధానంగా ఆ పాత్రల కోసమే కదా.