జీతం 40 శాతం ఎక్కువ, ఊరు దేశానికి ఆ చివర: కదలాలా, ఉండాలా?

రెండుమనసులు:
దేశానికి అవతలి చివరనున్న నగరం నుంచి ఆఫర్ వచ్చింది. పని ఇప్పటిదే, హోదా ఒక మెట్టు పైన, జీతం కాగితం మీద 40 శాతం ఎక్కువ. ఇక్కడ సొంతిల్లు ఉంది. మా ఆవిడది స్థిరమైన ఉద్యోగం, అబ్బాయి ఎనిమిదో తరగతి. సామాను తరలింపుకి కంపెనీ కొంత మొత్తం ఇస్తుంది కానీ రెండేళ్లలోపు మానేస్తే తిరిగి కట్టాలి. పది రోజుల్లో ఏదో ఒకటి చెప్పాలి. వెళ్లమనో వద్దనో చెప్పక్కర్లేదు, లెక్క ఎలా వేయాలో చెప్పండి.

లెక్కలమాస్టారు:
ముందు ఆ 40 శాతాన్ని పక్కన పెట్టండి. నెలాఖరుకి ఇంట్లో ఎంత మిగులుతుందన్నదే చూడాలి. ఇప్పుడు మీ చేతికొచ్చేది 100 అనుకుందాం, ఆవిడది 60. ఇంటికి 160. మీ అసలు అంకెలు తర్వాత ఇందులో వేసుకోండి.

జీతం 40 పెరిగితే చేతికి 140 రాదు. పెరిగిన ముక్కంతా పన్నులో పై శ్లాబులో పడుతుంది, అందులో కొంత వేరియబుల్ (పనితీరుని బట్టి వచ్చే భాగం) కూడా ఉంటుంది. 130 అనుకోండి. అక్కడ అద్దె 40, ఇక్కడి ఇల్లు అద్దెకిస్తే వచ్చేది 18. అంటే ఇంటి పద్దులో నెలకి 22 పోతుంది, మిగిలేది 108. ఆవిడకి అక్కడ ఉద్యోగం దొరకడానికి 8 నెలలు పడితే, ఆ 8 నెలలూ నెలకి 52 చొప్పున 416 తరుగు. కంపెనీ ఇచ్చింది పోను తరలింపుకి మీ జేబులోంచి ఇంకో 60. మొత్తం 476.

ఆవిడకి పాత జీతమే దొరికిందనుకున్నా ఇంటికొచ్చేది 168. ఇప్పటికంటే నెలకి 8 ఎక్కువ, అంతే. ఆ 8తో 476 తీరడానికి దాదాపు 60 నెలలు, ముందటి 8 నెలలు కలిపితే ఐదున్నరేళ్లు దాటుతుంది. అబ్బాయి చదువు అప్పటికి ఎక్కడుంటుందో మీరే చూసుకోండి.

గడపలోనే:
దూరపు కొండలు నునుపు. ఆ ఆఫర్ చూపించి ఉన్నచోటే పెంచమనండి.

ఏరుదాటేవాడు:
మాస్టారూ, మీ లెక్కలో కూడికలు తప్పులేదు, కాలం ఆగిపోయింది. ఐదేళ్లపాటు 130 అక్కడే, 100 ఇక్కడే నిలబడి ఉంటాయా?

పెద్ద నగరంలో పనికి జీతం ఎందుకు ఎక్కువన్న దాని మీద ఆర్థికవేత్తలు గ్లేసర్, మారే 2001లో రాసింది చూడండి. నగరంలో అడుగుపెట్టగానే వచ్చే పెంపు చిన్నది, అక్కడ పనిచేసే కొద్దీ జీతం వేగంగా పెరుగుతుంది. నగరం వదిలి వెళ్లినా ఆ పెంపు చాలావరకు చేతిలోనే ఉంటుంది. స్పెయిన్ ఉద్యోగుల సామాజిక భద్రత రికార్డులు తీసి డి లా రోకా, పూగా అనే ఆర్థికవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనమూ ఈ మాటే చెప్పింది: పెద్ద నగరంలో సంపాదించిన అనుభవానికి విలువ ఎక్కువ, చిన్న ఊరికి తిరిగొచ్చినా పోదు.

మీ అంకెలే తీసుకుందాం. అక్కడ ఏటా 8 శాతం, ఇక్కడ 5 శాతం పెరుగుతుందనుకోండి. రెండో ఏడు అక్కడ 140, ఇక్కడ 105. మూడో ఏడు 152, 110. నాలుగో ఏడు 164, 116. మిగతావన్నీ మీరు పెట్టినట్టే ఉంచి నెలనెలా కూడుకుంటూ పోతే తరుగంతా 38 నెలల్లో తీరుతుంది.

లెక్కలమాస్టారు:
ఆ 8 శాతం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆఫర్ లెటర్‌లో ఉందా?

ఏరుదాటేవాడు:
మీ 8 నెలలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అక్కణ్ణుంచే.

లెక్కలమాస్టారు:
జీతాన్ని నడిపించి అద్దెని కదలనివ్వలేదు, అదీ మీ లెక్కలో లోపం. వేగంగా జీతాలు పెరిగే నగరంలో అద్దెలూ పెరుగుతాయి. అక్కడి అద్దె ఏటా 8, ఇక్కడి అద్దె 5 శాతం పెంచండి. జీతానికి 8 బదులు 6 పెట్టండి. తరుగు తీరేది సరిగ్గా 60వ నెలకి. రెండు శాతం మార్చి, అద్దెని కదిలిస్తే 38 కాస్తా 60 అయింది. అంత చిన్న ఊహ మీద ఇల్లు కదపమంటారా?

సరంజామా:
శాతాల సంగతి మీరు తేల్చుకోండి. అడిగినాయన సంతకం పెట్టేముందు చూడాల్సినవి ఇవి.

తిరిగి కట్టాల్సిన డబ్బు: రెండేళ్లకి ఒక నెల తక్కువైనా మొత్తం కట్టాలా, పనిచేసిన నెలల దామాషాలో తగ్గుతుందా? కంపెనీయే తీసేస్తే కూడా కట్టాలా? మీ చేతికి పన్ను పోను వచ్చి, తిరిగి అడిగేటప్పుడు పన్నుతో కలిపి అడుగుతారా? ఈ మూడూ లెటర్‌లో రాయించుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట నిలవదు.

మొత్తంగా డబ్బివ్వడం కంటే మొదటి 30 రోజుల బస ఇమ్మనండి. ఇల్లు చూడకుండా ఏడాది ఒప్పందం రాసుకోవడమే చాలామంది చేసే తప్పు. ఆఫీసుకి దూరం ఎంతో మ్యాప్‌లో మధ్యాహ్నం చూస్తే తెలియదు, పనిరోజు పొద్దున్న బయల్దేరే వేళకే చూడాలి.

బ్యాక్‌గ్రౌండ్ తనిఖీ పూర్తయి తుది లెటర్ చేతికొచ్చేదాకా రాజీనామా వద్దు. ప్రొబేషన్‌లో నోటీసు ఎన్నాళ్లో చూడండి. అటువైపు 15 రోజుల్లో పంపించేయొచ్చు అని ఉంటే ఇంటిల్లిపాదీ ఒకేసారి కదలకూడదు.

సామానుకి కనీసం ముగ్గురిచేత, వస్తువులన్నీ చూపించి, రాతపూర్వకంగా రేటు తీసుకోండి. తక్కువ రేటు చెప్పేవాళ్లు మీ సామానుని ఇంకొకరి సామానుతో కలిపి ఒకే లారీలో వేస్తారు. అందులో తప్పులేదు కానీ లారీ నిండేదాకా మీ పెట్టెలు గోడౌన్‌లో ఉంటాయి, చేరే తేదీ చెప్పలేరు. ప్రతి పెట్టెకీ నంబరు, లోపలేముందో జాబితా, ఎలక్ట్రానిక్స్‌కి సీరియల్ నంబరు కనబడేలా ఫొటో. దించాక లెక్కపెట్టకుండా రసీదు మీద సంతకం చేయొద్దు. పగిలినవీ రానివీ ఆ రసీదు మీదే రాసి సంతకం పెట్టాలి, మర్నాడు చెబితే బీమావాళ్లు వినకపోవచ్చు. సర్టిఫికెట్లు, ఇంటి పత్రాలు, మందులు లారీ ఎక్కకూడదు.

సొంతిల్లు మొదటి ఏడాది అమ్మొద్దు. అద్దెకి దిగేదాకా ఖాళీగా ఉంటే నీటి మెయిన్ వాల్వ్ కట్టేయండి. బాత్రూమ్ డ్రెయిన్ ట్రాప్‌లో (నీళ్లు నిలిచే వంపు గొట్టంలో) నీళ్లు ఎండిపోతే వాసనా పురుగులూ పైకొస్తాయి. ట్రాప్ నిండా నీళ్లు పోసి పైన రెండు చెంచాల నూనె వేస్తే నీళ్లు త్వరగా ఆవిరవవు.

కొత్తకలం:
ఆఫర్ లేనివాళ్ల సంగతేంటి? మానేసి ఆ నగరానికే వెళ్లి వెతుక్కుంటే త్వరగా దొరుకుతుందంటారు.

లెక్కలమాస్టారు:
పల్లె నుంచి పట్నానికి జనం ఎందుకు కదులుతారో వివరిస్తూ ఆర్థికవేత్తలు హారిస్, తొదారో 1970లో చెప్పింది మీకూ వర్తిస్తుంది. అక్కడి జీతాన్ని చూడకూడదు, ఆ జీతాన్ని ఉద్యోగం దొరికే అవకాశంతో గుణించి చూడాలి. 140 వస్తుంది, కానీ దొరికే అవకాశం పదింట ఆరు అయితే దాని విలువ 84. చేతిలో ఉన్న 100 కంటే తక్కువ. ఉన్న ఉద్యోగంలో ఉండే ఇంటర్వ్యూలివ్వండి. చివరి రౌండుకి రమ్మంటేనే ప్రయాణం.

ఏరుదాటేవాడు:
ఈ మాటకి ఒప్పుకుంటాను. కానీ రెండుమనసులు గారికి ఆఫర్ చేతిలోనే ఉంది.

ఆయన చూడాల్సింది ఇంకొకటుంది. కదిలేది కంపెనీ కోసమా, నగరం కోసమా? ఆ నగరంలో మీ పనికి గడిచిన 30 రోజుల్లో వచ్చిన ప్రకటనలు తీయండి. ప్రకటనలు లెక్కపెట్టొద్దు, కంపెనీలు లెక్కపెట్టండి. ఒకే ఖాళీని నలుగురు ఏజెంట్లు నాలుగుసార్లు వేస్తారు. ఇంటి నుంచి గంట లోపు చేరగలిగే కంపెనీలు ఐదు కంటే తక్కువుంటే మీరు కంపెనీని నమ్ముకుని వెళుతున్నట్టు, అది మూతబడితే మళ్లీ పెట్టేబేడా సర్దాలి. ఇరవై ఉంటే ఈ ఉద్యోగం పోయినా నగరం నిలబెడుతుంది. నేను 8 శాతం అన్నది ఆ రెండో రకం నగరం గురించి.

లెక్కలమాస్టారు:
అయినా 8 శాతం ఊహే.

మధ్యదారి:
ఇద్దరూ ఆ చివరా ఈ చివరా పట్టుకున్నారు. వలసల మీద భూగోళ శాస్త్రవేత్త రావెన్‌స్టీన్ 1885లోనే రాశాడు, ఎక్కువమంది దగ్గరి దూరాలకే కదులుతారని. నాలుగైదు గంటల దూరంలో ఇలాంటి ఉద్యోగం ఉందేమో ముందు చూడండి.

నిశ్చల:
ఇంతసేపూ చదివాను. మాస్టారూ, మీరు "8 నెలలు" అని ఒక అంకె వేసి ముందుకెళ్లిపోయారు. ఏరుదాటేవాడు గారూ, మీరు దాన్ని అలాగే తీసుకుని శాతాలు పెంచుకుంటూ పోయారు. ఆ 8 నెలలు ఎవరివి? ఆవిడ అక్కడ దరఖాస్తులు పెట్టుకుంటూ, బాబుని కొత్త బడిలో సర్దుతూ, కొత్త ఇల్లు కుదుటపరిచే నెలలవి. మీ ఇద్దరి పద్దులో అది "416 తరుగు". ఆవిడ సీనియారిటీ ఏ గడిలోనూ లేదు.

మీ లెక్కే తీసుకుని ఒక్క అంకె మారుస్తాను. ఆవిడకి 60 కాకుండా 45 దొరికిందనుకోండి. కొత్త చోట కిందనుంచి మొదలుపెట్టేవాళ్లకి అదేం వింత కాదు. 130, 45, తీసేయాల్సింది 22. ఇంటికి 153. ఇప్పుడున్న 160 కంటే నెలకి 7 తక్కువ. మాస్టారి పద్ధతిలో ఆ తరుగు ఐదేళ్లకి కాదు, ఎప్పటికీ తీరదు. 8 శాతమా 6 శాతమా అని అంతసేపు కొట్టుకున్నారు, ఫలితాన్ని తిప్పేసే అంకె పక్కనే ఉంది.

ఏరుదాటేవాడు:
నేను కాదనలేదే! కానీ ఈ మాట ఎప్పుడూ ఒకవైపే వినిపిస్తుంది, అదే నా బాధ. వెళ్లినవాళ్ల వెంట వెళ్లి నష్టపోయినవాళ్లు అందరికీ కనిపిస్తారు. ఇంట్లో రెండోవాళ్ల ఉద్యోగం కోసమో, ఇంకెవరి కోసమో వచ్చిన అవకాశం వదులుకుని అదే కుర్చీలో ఏళ్లూ పూళ్లూ ఉండిపోయినవాళ్ల నష్టం ఎవరి పద్దులోనూ రాదు. వాళ్లకి జీతం తగ్గలేదు కదా అంటారు. పెరగాల్సింది పెరగలేదన్నది నష్టం కాదా?

నిశ్చల:
నష్టమే. నేను అడుగుతున్నదీ అదే. ఆర్థికవేత్త మిన్సర్ 1978లో కుటుంబాల వలస మీద రాసినప్పుడు రెండు పేర్లూ పెట్టాడు: ఇంటివాళ్ల కోసం కట్టుబడి కదిలేవాళ్లు, ఇంటివాళ్ల కోసం కట్టుబడి ఆగిపోయేవాళ్లు. ఇల్లు మొత్తానికి లాభం వచ్చినా లోపల ఒక మనిషి నష్టపోవచ్చు. ఆ మనిషి ఎవరో, ఆ నష్టాన్ని ఇల్లు ఎలా పూడుస్తుందో ముందే మాట్లాడుకోవాలి. మీరిద్దరూ ఇంటిని ఒకే సంచీ అనుకుని లెక్క వేశారు. సంచీలో రెండు చేతులున్నాయి.

లెక్కలమాస్టారు:
సంచీ ఒకటే కాబట్టే కుటుంబం అంటారు, నిశ్చలగారూ. ఇద్దరికీ వేర్వేరు పద్దులు రాసుకుంటే ఏ ఇల్లూ కదలదు.

నిశ్చల:
కదలకపోవడమే సరైన జవాబు కావచ్చు, మాస్టారూ. వేర్వేరు పద్దులు రాస్తే అది తెలుస్తుంది. ఒకే పద్దు రాస్తే తెలియదు.

రెండుమనసులు గారూ, ఈ పది రోజుల్లో చేయగలిగేవి చెబుతాను. ఏరుదాటేవాడు గారు చెప్పిన కంపెనీల లెక్క మీ పనికి వేసినట్టే ఆవిడ పనికీ వేయండి, ఆవిడచేతే వేయించండి. ఆవిడది లైసెన్సుతో నడిచే వృత్తి అయితే అది అక్కడ చెల్లుతుందో, మళ్లీ నమోదు చేసుకోవాలో కనుక్కోండి. ఆవిడ రాజీనామా చేయొద్దు, జీతం లేని సెలవు ఎన్ని నెలలు ఇస్తారో, తిరిగొస్తే అదే స్థానం ఉంటుందో సర్వీసు నిబంధనల్లో చూడండి. కంపెనీని ఇంకో రెండు వారాల గడువు, ఇద్దరికీ ఒకసారి వచ్చి చూసే ఖర్చు అడగండి. అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకునే చోటికి ఇల్లు మోసుకుని వెళ్లకపోవడమే మేలు.

గడపలోనే:
ఎనిమిదో తరగతి మధ్యలో బడి మార్చకండి. ఏడాది అయ్యాక మార్చితే కొత్త తరగతి అందరితోపాటే మొదలవుతుంది, మధ్యలో మార్చితే చదువూ స్నేహితులూ పరీక్షలూ అన్నీ ఒకేసారి మీదపడతాయి.

సరంజామా:
మొదట మీరొక్కరే వెళ్లే ఆలోచనుంటే రెండిళ్ల ఖర్చు వేసుకోండి. ఒంటరి గదికి 40 బదులు 15 చాలు. ఇల్లు అద్దెకివ్వరు కాబట్టి 18 రాదు, ఇప్పుడూ రావడం లేదు. రాకపోకలకి నెలకి 10. ఆవిడ 60 పోదు. 190లోంచి 25 తీస్తే 165. మాస్టారి పద్దులో మొదటి 8 నెలల 108 కంటే చాలా నయం. ఆరు నెలలకి మించి ఇలా నడపొద్దు, అప్పటికి ప్రొబేషన్ తేలుతుంది.

రెండుమనసులు:
ఈ చర్చంతా మా ఆవిడకి చదవమని ఇచ్చాను. 8 నెలలన్న అంకెని నేనూ ప్రశ్నించకుండా తీసుకున్నాను. తన పనికి అక్కడ 30 రోజుల్లో ఎన్ని కంపెనీలు పిలిచాయో తనే కూర్చుని తీసింది. నాకు ఇరవై మూడు, తనకి నాలుగు. ఆ నాలుగింట్లో రెండు ఇప్పుడు తనకున్న హోదా కంటే కింద. నిబంధనల ప్రకారం ఏడాది దాకా జీతం లేని సెలవు ఉంది, కానీ పై అధికారి సంతకం కావాలి. రేపు తను ఆ ఉత్తరం ఇస్తుంది, నేను కంపెనీని రెండు వారాల గడువు అడుగుతాను.

ఏరుదాటేవాడు:
ఇరవై మూడు, నాలుగు అయితే సరంజామా గారు చెప్పిన ఆరు నెలల దారే చూడండి. ఆ నాలుగు కంపెనీలకీ ఆవిడని ఇక్కణ్ణుంచే దరఖాస్తు పెట్టమనండి.

లెక్కలమాస్టారు:
ఆవిడ గడిలో 60 బదులు 45 పెట్టి, 8 నెలల బదులు 12 పెట్టి మొదటి లెక్క మళ్లీ వేయండి. 8 శాతం మాత్రం వేయకండి.