కంపెనీలతో పిల్లల హక్కుల పని అంటే చందాలు అడగడమేనా? ఇంటర్న్‌షిప్ వచ్చేలా ఉంది, సలహా కావాలి

రాజాం_అమ్మాయి:

అందరికీ నమస్తే. శ్రీకాకుళంలో ఎం.కామ్ రెండో ఏడాది చదువుతున్నాను. ఊరు రాజాం పక్కన. 2022లో మమ్మల్ని విజయనగరం జిల్లాలో కలిపేశారు గానీ మా ఇంట్లో ఇంకా ఎవరూ ఒప్పుకోలేదు, ఏ ఊరమ్మా అంటే సిక్కోలే అంటారు.

విషయానికొస్తే, పిల్లల హక్కుల మీద పనిచేసే ఒక సంస్థలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కి అప్లై చేశాను, మొదటి రౌండ్ అయిపోయింది. ప్రకటనలో "ప్రైవేటు రంగ భాగస్వామ్యాలకు సహకారం" అని ఉంది. కంపెనీల జాబితాలు తయారుచేయడం, ప్రతిపాదనలు రాయడంలో సాయం, మీటింగ్ నోట్స్, రిపోర్టులు అని నాలుగు ముక్కలు రాసి వదిలేశారు. స్టైపెండ్ ఉంది, విశాఖలో హాస్టల్‌కీ తిండికీ సరిపోతుంది, మిగిలేదేమీ ఉండదు.

నాన్న ఇన్నేళ్ళూ జూట్ మిల్లుల్లో చేసి ఈమధ్యే మానేశారు. చెప్తే "కంపెనీల గుమ్మం దగ్గర నిలబడి చందాలడగడానికేటి ఎం.కామ్ చదివింది?" అన్నారు. కోపం వచ్చింది గానీ కాదు అని చెప్పడానికి నా దగ్గర కూడా జవాబు లేదు.

ఇప్పుడు రెండో రౌండ్. రెండు పేజీల నోట్ అడిగారు. మీ ప్రాంతంలో ఒక పరిశ్రమను తీసుకుని, అది పిల్లల జీవితాలను ఎక్కడెక్కడ తాకుతుందో, ఆ పరిశ్రమతో మా సంస్థ ఏం మాట్లాడాలో రాయమన్నారు. సోమవారం లోపు పంపాలి. పలాస జీడిపప్పు తీసుకున్నాను. బడి పిల్లలకు బ్యాగులు, డిజిటల్ క్లాస్‌రూమ్, మరుగుదొడ్లు, సీఎస్‌ఆర్ నిధులు (కంపెనీలు సామాజిక పనులకు పెట్టే డబ్బు) అని రాసుకుంటూ పోయాను. తర్వాత చదువుకుంటే కంపెనీ వాళ్ళు పంచే కరపత్రంలా ఉంది. ఈ పని చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే రోజంతా అసలు ఏం చేస్తారో, ఈ నోట్‌లో ఏం రాయాలో చెప్పండి. టెన్షన్‌గా ఉంది.

ఫైళ్ళమోత:

చెల్లెమ్మా, మీ నాన్నగారు అన్నదాంట్లో సగం నిజం. సగం పని డబ్బు అడగడమే, దాంట్లో సిగ్గుపడాల్సింది లేదు. యునిసెఫ్ 1946 నుంచీ అలాగే నడుస్తోంది. ఐక్యరాజ్య సమితికి దేశాలు కట్టే సొమ్ములో దానికి వాటా రాదు, ప్రభుత్వాలూ కంపెనీలూ మనలాంటి మామూలు జనమూ ఇష్టపడి ఇచ్చిందే. యునిసెఫ్ గ్రీటింగ్ కార్డులని ఉండేవి, మీ నాన్నగారికి గుర్తుండొచ్చు. 1949లో చెకొస్లొవేకియాలో ఒక ఏడేళ్ళ పాప కృతజ్ఞతగా గీసిన బొమ్మతో మొదలయ్యాయి అవి.

నేను విజయనగరంలో ఇలాంటి పని మూడేళ్ళు చేశాను, అంతకుముందు ఇంటర్న్‌ని. పొద్దున్నే ఎక్సెల్ తెరుస్తావు. కంపెనీ పేరు, మూడేళ్ళ లాభాలు, సీఎస్‌ఆర్ కింద ఎంత ఖర్చు పెట్టారు, ఏ జిల్లాలో, ఎవరి ద్వారా. కంపెనీల చట్టం 2013లో 135వ సెక్షన్ చదువుకో. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ ఉంటే చాలు, గడిచిన మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలి. నీది ఎం.కామ్ కదా, బ్యాలెన్స్ షీట్ చూడటం వచ్చు, మా ఆఫీసులో అది నాకు తప్ప ఎవరికీ రాదు, నాకూ అంతంత మాత్రమే. తర్వాత ఫోన్లు. డిసెంబర్ దాకా ఎత్తని ఆఫీసర్ ఫిబ్రవరిలో తనే చేస్తాడు, మార్చి 31 దగ్గరపడుతోంది కాబట్టి. "రెడీగా ఏముంది?" అంటాడు, టిఫిన్ సెంటర్లో అడిగినట్టు.

ఎవరి డబ్బు తీసుకోకూడదో తేల్చడం మిగతా సగం, దాని గురించి ఎవరూ చెప్పరు. పొగాకు, ఆయుధాలు అయితే ఆలోచించక్కర్లేదు. చంటిపిల్లల పాలపొడి దగ్గర వస్తుంది చిక్కు. తల్లిపాలకు బదులుగా అమ్మే డబ్బా పాలకు ప్రచారం చేయకూడదని 1992లోనే మన దేశంలో చట్టం వచ్చింది. నేను ఇంటర్న్‌గా ఉన్నప్పుడు ఒక కంపెనీ మంచి మొత్తం ఇస్తామంది, అందరూ సంతోషంగా ఉన్నారు, వెతికితే వాళ్ళ గ్రూపులోనే ఇంకో కంపెనీ ఆ డబ్బాలు అమ్ముతోంది. ఫైల్లో ఒక్క లైను రాశాను. ఫైలు అక్కడే ఆగిపోయింది. మా సార్ నెలరోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఏడురోడ్ల_జంక్షన్:

ఇవన్నీ వినడానికి బాగుంటాయి బ్రదర్. మా ఊరి బళ్ళో నేను కళ్ళారా చూసింది చెప్తాను. ఒక కంపెనీ వాళ్ళు బ్యాగులు పంచడానికి వచ్చారు. పెద్దాయన కారు లేటు. ఏప్రిల్ ఎండలో పిల్లల్ని గంటన్నర నిలబెట్టారు, చేతులకు పూలిచ్చి. బ్యానర్ ఖర్చూ శాలువాల ఖర్చూ కలిపితే బ్యాగుల ఖర్చంత అయ్యుంటుంది. మూడో నెలకే బ్యాగుల జిప్పులు పోయాయి. ఆ ఫొటో మాత్రం వాళ్ళ రిపోర్టులో అట్ట మీద వచ్చింది, అందులో మా మేనకోడలు ఉంది, మా అక్కని ఒక్క మాట కూడా అడగలేదు. ఇదీ మీ భాగస్వామ్యం. ఈ అమ్మాయి వెళ్ళి ఏం చేస్తుంది, పూలదండలు కొనుక్కురావడమా?

ఫైళ్ళమోత:

జంక్షన్ గారూ, కాదనను, పూలదండలు నేనూ కొన్నాను. కానీ ఆ గంటన్నర ఎండ గురించి ముందే కాగితం మీద రాయించగలిగేది ఈ సీట్లో కూర్చున్నవాళ్ళే. ఫొటోకి తల్లిదండ్రుల సంతకం, పిల్లల పేరూ ఊరూ బయటపెట్టకపోవడం, కార్యక్రమం ఎంతసేపో, ఇవన్నీ ఒప్పందంలో పెట్టమని అడగొచ్చు. మేం అడిగాం. ఒకరు ఒప్పుకున్నారు, ఒకరు "ఇంత కండిషన్లయితే వేరేవాళ్ళకి ఇస్తాం" అని వెళ్ళిపోయారు.

పిక్కలబస్తా:

పలాస మాట వచ్చింది కాబట్టి నేనూ ఒకటి చెప్పాలి. మాది కాశీబుగ్గ. మా అమ్మ పద్నాలుగేళ్ళు జీడి ఫ్యాక్టరీలో చేసింది, మొదట కటింగ్, తర్వాత కళ్ళు బాగా కనిపించినన్నాళ్ళూ గ్రేడింగ్. నా మాట విని ఆ నోట్‌లో బ్యాగుల పేరా తీసెయ్యి.

జీడి పిక్క కొడితే లోపలి రసం చేతికి అంటుతుంది, వేళ్ళు నల్లబడతాయి, పొక్కుతాయి. ఆముదమో బూడిదో రాసుకునేవారు. అమ్మ అన్నం కలిపి పెడుతుంటే ఆ వేళ్ళు చూసి నా తమ్ముడు వద్దని ఏడ్చేవాడు, చిన్నవాడు కదా, వాడికేం తెలుసు. కూలి కిలో లెక్కన. కిలో లెక్క అంటే ఏమిటో నీకు అర్థం కావాలి, అంటే చంటిబిడ్డకి పాలివ్వడానికి లేచిన ప్రతిసారీ కూలి తగ్గుతుంది. అందుకని లేవరు. బిడ్డని ఇంట్లో పెద్దపిల్లకి అప్పజెప్పి వస్తారు. మా ఇంట్లో ఆ పెద్దపిల్లని నేనే. నాలుగో తరగతిలో నేను బడికి వెళ్ళిన రోజులకన్నా తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగిన రోజులే ఎక్కువ. నేను ఏ ఫ్యాక్టరీలోనూ పనిచేయలేదు, ఏ లెక్కలోనూ బాలకార్మికురాలిని కాను. బడి రిజిస్టర్లో పేరు ఉంది, కాబట్టి బడి మానేసినదాన్నీ కాను.

ఇప్పుడు చాలాచోట్ల యంత్రాలు వచ్చాయి, బాయిలింగ్ వచ్చింది, పొగ తగ్గింది, అప్పటి మాటే ఇప్పుడూ అని నేను అనడం లేదు. కానీ నువ్వు అక్కడికి వెళ్ళి "పిల్లలు పనిచేస్తున్నారా?" అని అడిగితే లేరనే చెప్తారు, అది నిజమే అవుతుంది కూడా. "ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళ చిన్నపిల్లలు ఈ గంటలో ఎక్కడున్నారు, వాళ్ళని ఎవరు చూస్తున్నారు" అని అడుగు. ఆ ఒక్క ప్రశ్న చుట్టూ రెండు పేజీలు రాయి.

రాజాం_అమ్మాయి:

అక్కా, ఇది చదివాక నా నోట్ మొత్తం డిలీట్ చేశాను. ఒక డౌట్. అయితే ఫ్యాక్టరీల్లో పిల్లల గది పెట్టడానికి సీఎస్‌ఆర్ డబ్బు అడగమని రాయొచ్చా?

ఫైళ్ళమోత:

ఇక్కడే నిన్ను పట్టుకుంటారు, జాగ్రత్త. రాయకూడదు. సొంత ఉద్యోగులకే మేలు చేసే ఖర్చు సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు. వేరే చట్టం ప్రకారం ఎలాగూ చేయాల్సిన పనిని కూడా సీఎస్‌ఆర్‌గా చూపించడానికి లేదు. 2021లో సవరించిన రూల్స్‌లో రెండూ స్పష్టంగా ఉన్నాయి. 50 మంది, ఆపైన పనిచేసే చోట క్రెష్, అంటే ఆ పిల్లల గది, ఉండాలని 2017లో మెటర్నిటీ చట్టం సవరణలోనే పెట్టారు. అది దానం కాదు, వ్యాపారం ఖర్చు. పైగా పలాసలో ఎక్కువ చిన్న యూనిట్లే, వాటికి ఏడాదికి 5 కోట్ల లాభం ఎక్కడిది, 135వ సెక్షన్ వాళ్ళని తాకనే తాకదు.

మరి ఎవరితో మాట్లాడాలి? వాళ్ళ దగ్గర పప్పు కొనేవాళ్ళతో. ప్యాకెట్ మీద తమ పేరు వేసుకుని అమ్మే పెద్ద కంపెనీలు, ఎగుమతిదారులు. "మీరు కొనే పప్పు కొట్టిన చేతుల వెనక పిల్లలు ఎలా ఉన్నారో మీకు తెలుసా, కొనుగోలు ఒప్పందంలో దాని గురించి ఒక మాట ఉందా, ఆ మాటకి తగ్గట్టు రేటు ఇస్తున్నారా" అని. రేటు ఇవ్వకుండా షరతులు మాత్రం పెడితే ఆ భారం తిరిగి పిక్కలు కొట్టే ఆడవాళ్ళ మీదే పడుతుంది, అది కూడా రాయి. 2012లో యునిసెఫ్, సేవ్ ద చిల్డ్రన్, యూఎన్ గ్లోబల్ కాంపాక్ట్ (కంపెనీలతో ఐక్యరాజ్య సమితి నడిపే వేదిక) కలిసి పిల్లల హక్కుల మీద వ్యాపారాలకు పది సూత్రాలు ప్రకటించాయి. వాటిలో మూడోది సరిగ్గా నీకు కావాల్సిందే, చిన్నవయసు పనివాళ్ళకీ, పిల్లలున్న తల్లిదండ్రులకీ మర్యాదైన పని ఉండాలని. డబ్బులివ్వడం గురించి కాదు ఆ సూత్రం. అది చదివాక నువ్వు సీఎస్‌ఆర్ ఆఫీసర్ గదికి కాదు, కొనుగోళ్ళ మేనేజర్ గదికి వెళ్ళాలని అర్థమవుతుంది. ఆ గది తలుపు తెరుచుకోవడం చాలా కష్టం, నాకు మూడేళ్ళలో రెండుసార్లే తెరుచుకుంది.

ఏడురోడ్ల_జంక్షన్:

ఇది మాత్రం ఒప్పుకుంటాను. ఇంకోటి కూడా రాయమ్మా. సీఎస్‌ఆర్ ఖర్చుకి కంపెనీ ఉన్న చోటుకే ముందు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఆ లెక్కన ఫ్యాక్టరీలున్న పైడిభీమవరం చుట్టుపక్కల ఊళ్ళకి బెంచీల మీద బెంచీలు వస్తాయి. కంపెనీ అన్నదే లేని సీతంపేట కొండ మీది గూడేనికి ఎవరిస్తారు?

పార్వతీపురం_ప్యాసింజర్:

నోట్ సంగతి వాళ్ళు చెప్పారు, నాది చిన్న మాట. ఇంటర్న్‌షిప్ ఇస్తామని రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ కిట్, డిపాజిట్ అని ఎవరైనా అడిగితే ఆ క్షణమే వదిలెయ్. నా ఫ్రెండ్ 2500 పోగొట్టుకున్నాడు, లోగో చూసి నమ్మేశాడు. యునిసెఫ్ అయితే ఎంపికలో ఏ దశలోనూ ఫీజు తీసుకోమని తన ప్రకటనల్లోనే రాస్తుంది. సంస్థ నిజంగా ఉందో లేదో తెలియాలంటే 12ఏ, 80జీ (ఆదాయపు పన్ను శాఖవి), సీఎస్‌ఆర్-1 (సీఎస్‌ఆర్ డబ్బు తీసుకోవడానికి కావాల్సింది) రిజిస్ట్రేషన్ నంబర్లు అడుగు. రేపు కంపెనీలు వాళ్ళని అడిగేది కూడా అవే, కాబట్టి దాచుకోవాల్సిన పనిలేదు. స్టైపెండ్ ఎంతో, ఏ తేదీకి వేస్తారో లెటర్‌లో ఉండాలి. నోటిమాట వద్దు.

రాజాం_అమ్మాయి:

అందరికీ థ్యాంక్స్. ఫీజు ఏమీ అడగలేదు, నంబర్లు అడిగితే వెంటనే పంపారు.

నిన్న రాత్రి పిక్కలబస్తా అక్క రాసింది నాన్నకి చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తనే మొదలుపెట్టారు. ఆయన చేసిన మిల్లుల్లో ఒకదాంట్లో (ఏ మిల్లో చెప్పొద్దన్నారు) పిల్లల గది అని ఒకటి ఉండేదట, గుమ్మం మీద బోర్డు కూడా ఉండేది. లోపల గోనె బేళ్ళు. తనిఖీకి వస్తున్నారని తెలిసిన రోజు బేళ్ళు బయటకి మోయించి, రెండు ఉయ్యాలలు కట్టి, ఎవరో ఒకరి బిడ్డని తెచ్చి పడుకోబెట్టేవారు. ఆ బేళ్ళు మోసినవాళ్ళలో నాన్న ఒకరు. "మీ అమ్మ నిన్ను పొలంలో చెట్టుకి గుడ్డ కట్టి పడుకోబెట్టేది, నాను అక్కడ ఉయ్యాల కట్టి వచ్చేవోణ్ణి" అన్నారు. ఇన్నేళ్ళలో ఈ మాట మాకెప్పుడూ చెప్పలేదు.

పొద్దున్న టీ తాగుతూ "ఆ కొనుగోళ్ళ మేనేజర్ని అడిగేది నువ్వేనా, మీ సారా?" అని అడిగారు. ఇంటర్న్‌ని కాబట్టి నేను నోట్స్ రాసుకుంటానని చెప్పాను. "బోర్డు ఉందా అని కాదు, తాళం ఎవరి దగ్గరుందో అడగమను మీ సార్ని" అన్నారు. అది కూడా నోట్‌లో పెట్టేశాను.

పలాస మీద రాసిందీ నాన్న చెప్పిందీ కలిపితే రెండున్నర పేజీలు వచ్చింది. పంపేయనా?

ఫైళ్ళమోత:

రెండు పేజీలంటే రెండే చెల్లెమ్మా. మొదటి పేరాలో పలాస చరిత్ర ఉంటుంది చూడు, అది కొట్టేయ్. తాళం మాట మాత్రం ఉంచు.

పిక్కలబస్తా:

ఫలితం వచ్చాక ఇక్కడ చెప్పడం మర్చిపోకు. మీ నాన్నగారిని అడిగానని చెప్పు.